శౌరయ్య మాస్టారి ఉద్దీ

తిరువూరులో డ్రిల్లు మాస్టారు శౌరయ్యకున్న మంచిపేరు ఇంకొకరికి ఉండేది కాదు. ఆ పేరే ఆయన్ని కాల్చుకు తింది. చెడ్డపేరు వచ్చినవాడు ఊరు మారో, నాలుగు మంచిపనులు చేసో దాన్ని కడుక్కోవచ్చు. మంచిపేరు అట్లా కాదు. ఒకసారి తగులుకుందంటే దానికి రోజూ మేత వేస్తూనే ఉండాలి.

ఆయనది రెడ్డిగూడెం దగ్గర పల్లె. తండ్రి అంతోనయ్య మామిడితోటల్లో కాపలా ఉండేవాడు, కోతలప్పుడు కూలికి పోయేవాడు. చర్చి ఫాదర్లు, విచారణ గురువుల పుణ్యమా అని శౌరయ్య చదువుకున్నాడు, డ్రిల్లు ట్రైనింగు పూర్తిచేశాడు, తిరువూరులో హైస్కూలు ఉద్యోగానికి వచ్చాడు. వాళ్ల ఇంటావంటా నెలజీతం ఎరిగిన మొదటి మనిషి ఆయనే. మెడలో విజిలు, రోజూ సుద్ద పూసిన కాన్వాసు బూట్లు, మడత నలగని నిక్కరు. నడుస్తుంటే కొత్తవాళ్లు మిలిటరీ మనిషనుకునేవారు. లోపల మాత్రం పల్లెనుంచి మొదటిసారి బస్సు దిగిన కుర్రాడే ఉండేవాడు, ఎవరేమంటారో అని నాలుగువైపులా చూసుకుంటూ.

అట్లా చూసుకోవడానికి కారణం లేకపోలేదు. ఉద్యోగంలో చేరిన ఏడాదే చెడుగుడు జట్టు కట్టాడు. కూతకు పోతే ఎదుటి జట్టును ఊడ్చుకొచ్చే లాజరనే కుర్రాణ్ణి కెప్టెన్ను చేశాడు. ఇంకేం, ఊళ్లో మాట పుట్టింది. "వచ్చీ రాగానే తనవాళ్లని ఎక్కించుకున్నాడు" అన్నారు. నిజానికి లాజరుది ప్రొటెస్టెంట్ల గుడి, శౌరయ్యది కేథలిక్కుల గుడి. ఆ రెండు గుళ్లవాళ్లూ పెళ్లిళ్లకైనా ఒకరినొకరు పిలుచుకోరు. ఆ తేడాలన్నీ ఊరికెందుకు? ఊరవతల పల్లెవాళ్లంటే అందరూ ఒకటే.

హెడ్మాస్టరు దశరథరామయ్యగారు గదిలోకి పిలిపించారు. చెడ్డమనిషేం కాదు. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పారు. "శౌరయ్యా, నువ్వు తప్పు చేశావని నేననడంలా. తప్పు చేశావని జనం అనుకోకుండా చూసుకో."

ఆ ఒక్క మాట శౌరయ్య చెవిలో ఎంత లోతుకు దిగిందంటే, ఆ తర్వాత ఆయన ఏ జట్టునూ చివరిదాకా తన నోటితో కట్టలేదు. చివరి చోటు దగ్గరికి వచ్చేసరికి, పిల్లల్ని తేల్చాల్సి వచ్చేసరికి, ఉద్దీ పెట్టేవాడు.

ఉద్దీ అంటే ఆ రోజుల్లో తెలియని పిల్లలు లేరు. ఆటలో సరిసమానమైన ఇద్దరు జోడీ కడతారు. భుజాల మీద చేతులు వేసుకుని దూరంగా పోయి, చెరొక దొంగపేరు పెట్టుకుని వస్తారు. ఒకరు సూర్యుడు, ఒకరు చంద్రుడు. వచ్చి అడుగుతారు, ఎవరు కావాలి అని. ఎంచుకునేవాడు పేరును ఎంచుకుంటాడు గాని మనిషిని కాదు. పేరు వెనక ఎవరున్నారో తెలియదు కాబట్టి ఓడినవాడికి ఏడుపు లేదు, గెలిచినవాడికి గర్వం లేదు. వీధుల్లో పిల్లలాడుకునే ఈ పద్ధతిని స్కూలు గ్రౌండు మీదికి తెచ్చి పెట్టినవాడు శౌరయ్య.

ఊరు మెచ్చుకుంది. మెచ్చుకోక ఏం చేస్తుంది? రైతు కొడుకైనా, కూలివాడి కొడుకైనా పేరు చాటున నిలబడాల్సిందే. ఎవరైనా పొగిడితే ఆయన తల వంచుకుని, "ఎంచడానికి నేనెవర్నండీ? అంతా ఆటలోనే తేలుద్ది" అనేవాడు. ఎంత అణకువో అని ముచ్చటపడేవారు. అది అణకువో భయమో విడదీసి చూసినవాళ్లు లేరు. ఆయనా చూసుకోలేదు.

ఇంత సజావుగా సాగే బండి ఎక్కడ ఆగిందయ్యా అంటే, సొంత కూతురి దగ్గర.

ప్రేమావతి పుట్టుకతోనే పరుగు నేర్చుకున్నట్టుండేది. ఖోఖోలో దిగిందంటే లంగా పైకి దోపి, ఓణీ నడుముకు బిగించి, కూచున్న వరసల మధ్యనుంచి నీళ్లల్లో చేపలాగా జారిపోయేది. వెంటబడ్డ పిల్లలు రొప్పుతూ చతికిలబడాల్సిందే గాని ఆమె వీపు మీద చెయ్యి పడేది కాదు. స్కూల్లో అటువంటి ఆట ఇంకొకరికి లేదు. ఆ సంగతి మూడో తరగతి పిల్లనడిగినా చెప్పేది. ఒక్క శౌరయ్యను మాత్రం అడగకూడదు.

ఏటా నూజివీడులో జోనల్ ఆటలు జరిగేవి. ఖోఖోకు పన్నెండుమంది ఆడపిల్లల్ని తీసుకెళ్లాలి. పదకొండుమందిని ఆట చూసి పిలిచేవాడు. కూతుర్ని ఆ పదకొండులో పిలవడానికి నోరు రాలేదు. పిలిస్తే ఊరేమంటుంది? చివరి చోటుకు ఉద్దీలో నిలబెట్టాడు. ఎనిమిదో తరగతిలో ప్రేమ ఉద్దీ ఓడింది. తొమ్మిదిలోనూ ఓడింది. రెండుసార్లూ ఆమె బదులు నూజివీడు బస్సెక్కిన పిల్ల సరోజినీదేవి. స్కూలు కమిటీ ప్రెసిడెంటు వీరరాఘవయ్యగారి అమ్మాయి. బాగానే ఆడుతుంది, కాదనలేం. కానీ ప్రేమతో పోల్చి చూస్తే, చెప్పుకోవడానికేం లేదు.

"అదృష్టం లేదమ్మా, ఏం చేస్తాం" అన్నాడు రెండుసార్లూ శౌరయ్య.  భార్య మేరమ్మ ఊరుకునే రకం కాదు. "అంత వరసబెట్టి మన పిల్లకే తప్పే అదృష్టాన్ని నేనెక్కడా చూళ్లేదయ్యా" అంది. శౌరయ్య విననట్టు బూట్లకు సుద్ద పూసుకున్నాడు.

ఇప్పుడు ప్రేమ పదో తరగతి. ఇదే ఆఖరు. ఆ పిల్లకి తండ్రిలాగే మెడలో విజిలు వేసుకోవాలని కోరిక. ఆడపిల్లలకు డ్రిల్లు టీచర్లు కావాలని అప్పుడప్పుడే ఊళ్లల్లో అడుగుతున్నారు. జిల్లా జట్టులో ఆడినట్టు సర్టిఫికెట్టుంటే ట్రైనింగులో సీటొస్తుంది. జిల్లా జట్టుకు ఏరేది నూజివీడులోనే. నూజివీడు బస్సెక్కకపోతే ఏమవుతుందో ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. పదో తరగతి కాగానే విస్సన్నపేటలో సంబంధం ఉందని మేరమ్మ వాళ్లన్న అప్పటికే మాట కదిపి ఉన్నాడు.

ఎంపిక రేపనగా వీరరాఘవయ్యగారు సంతలో ఎదురుపడ్డారు. మామిడితోటల ఆసామి, పెద్ద గొంతు. మోటారు సైకిలు ఆపి మరీ దిగారు.

"మాస్టారూ, రేపేగా పిల్లల ఎంపిక?"

"అవునండీ."

"మా అమ్మాయికి మీరేదో చెయ్యాలని నేనడగను సుమండీ. మీ చేతిమీద అన్యాయం జరగదని ఊరంతా ఎరిగిందే. అందుకే మాకు బెంగలేదు."

అడిగి ఉంటే బావుండేది. అడిగినవాడికి కుదరదండీ అని చెప్పొచ్చు, కోపం తెచ్చుకోవచ్చు. ఏమీ అడగనివాడిని ఏం చేస్తాం? శౌరయ్య నవ్వబోయి, నవ్వురాక, చేతిలో కూరల సంచి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో సరోజిని నిలబడి ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మాస్టారండీ, ఈసారి ప్రేమ వెళ్లాలండీ. నాకంటే తనే బాగా ఆడుద్ది. మీరొక్క మాటంటే చాలు."

పదిహేనేళ్ల పిల్ల అంత తేలిగ్గా అనేసింది. శౌరయ్యకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియని కోపం. "అట్లా నీ అంతట నువ్వు తగ్గకూడదమ్మా. ఉద్దీలో ఎట్లా తేలితే అట్లా" అన్నాడు. ఆ పిల్ల తల వంచుకుని వెళ్లిపోయింది.

అన్నాల దగ్గర ప్రేమ అడిగింది. "నాన్నా, నేను బాగా ఆడతానా?"

"ఆడతావులే."

"సరోజిని కంటేనా?"

శౌరయ్య కంచంలోకి చూశాడు. "మనల్ని మనమే ఎక్కువ చేసుకోకూడదమ్మా. తగ్గి ఉండాలని గుళ్లో చెబుతారుగా."

మేరమ్మ గరిటె గిన్నెలో పడేసింది. "తగ్గమన్నది నిన్నయ్యా. పిల్లని తగ్గించమన్లా."

 శౌరయ్య చెయ్యి కడుక్కుని లేచాడు. ఇటు చూస్తే ఊరు, అటు చూస్తే ఇల్లు. అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది ఆయన బతుకు. తమాషా ఏమిటంటే ఆ అడకత్తెర ఆయన స్వయంగా చేయించుకున్నదే.

మర్నాడు సాయంత్రం గ్రౌండు నిండా జనం. పిల్లలు, పంతుళ్లు, గోడమీద ఎక్కి కూచున్న బడి మానేసినవాళ్లు. హెడ్మాస్టరుగారికీ వీరరాఘవయ్యగారికీ కుర్చీలు వేశారు. పదకొండుమందిని పిలవడం అయింది. పిలిచిన పిల్ల పిలిచినట్టే ఎగురుకుంటూ వచ్చి ఎర్ర బనీను అందుకుంది. శౌరయ్య చేతిలో ఒక్క బనీను మిగిలింది.

"ప్రేమావతీ, సరోజినీదేవీ. ఉద్దీ కట్టండి" అన్నాడు.

ఇద్దరూ భుజాల మీద చేతులు వేసుకుని సైకిళ్ల షెడ్డు వెనక్కి వెళ్లారు. సరోజిని ముఖం ముడుచుకుని ఉంది. ప్రేమ ముఖంలో ఏమీ లేదు. కాసేపటికి తిరిగొచ్చి మాస్టారి ముందు నిలబడ్డారు. అడగాల్సింది సరోజిని అడిగింది.

"మందారం కావాలా మాస్టారూ, కనకాంబరం కావాలా?"

 శౌరయ్య ఇంటి ముందు కనకాంబరం మొక్కలు ప్రేమ వేసినవే. పొద్దున లేస్తే వాటి దగ్గరే ఉంటుంది. ఆదివారం గుడికి కనకాంబరాలు లేకుండా బయల్దేరదు. ఇంకో పువ్వు పేరు ఆ పిల్ల నోట రాదు. ఎవరికీ కనపడకూడదని పేరు చాటున దాచిన మనిషి ఆయనకు మాత్రం పట్టపగల్లా కనిపిస్తోంది.

కళ్లు మూసుకుని న్యాయం చేస్తానన్నవాడికి, మూసినా కనిపిస్తుంటే ఏం చెయ్యాలి? కనకాంబరం అంటే కూతురికి కట్టబెట్టినట్టు. ఎవరికీ తెలియదు, తనకు తెలుస్తుంది. మందారం అంటే కూతురి గొంతు కోసినట్టు. అదీ ఎవరికీ తెలియదు, తనకు తెలుస్తుంది.  కుర్చీలో వీరరాఘవయ్యగారు కాలు మీది కాలు తీసి ముందుకు వంగారు. గోడమీద ఎవడో ఈల వేశాడు. పారిపోవడానికి గ్రౌండుకు నాలుగువైపులా దారులున్నాయి గాని డ్రిల్లు మాస్టారు పరుగెత్తితే బావుండదు గదా.

ఆయన నోరు ఆయనకు అలవాటైన వైపే తిరిగింది.

"మందారం" అన్నాడు.

సరోజిని కెవ్వున అరిచి ప్రేమను కావలించుకుంది. మందారం పేరు పెట్టుకున్నది ప్రేమ.

గ్రౌండంతా చప్పట్లు. "చూశారా, ఎంచకపోయినా దేవుడే ఇచ్చాడు" అన్నారు దశరథరామయ్యగారు. పిల్లలు ప్రేమ చుట్టూ గంతులేశారు. శౌరయ్యకు సంగతి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. కూతురికి చోటు దొరికింది, పేరు చెడలేదు. రెండు విధాలా మేలే జరిగింది. కళ్లు తడి అయ్యాయి. బనీను పట్టుకుని ప్రేమ దగ్గరికి వెళ్లి మెల్లగా అన్నాడు, "దేవుడు చూశాడమ్మా."

ప్రేమ బనీను అందుకోలేదు. స్కూల్లో ఆయన్ని ఎప్పుడూ మాస్టారూ అనే పిలిచేది. ఆ పూట అట్లా పిలవలేదు.

"దేవుడు కాదు నాన్నా. నేనే పేరు మార్చుకున్నా. ఎనిమిదిలో కనకాంబరం పెట్టుకుంటే నువ్వు వేరే పేరు అన్నావు. తెలీలేదేమోలే అనుకున్నా. అందుకని తొమ్మిదిలోనూ అదే పెట్టుకున్నా. ఈసారైనా నేనని గుర్తుపడతావు, పిలుస్తావు అని."

గొంతు పెంచలేదు. చుట్టూ పిల్లల గోలలో ఆ మాటలు ఇంకెవరికీ వినిపించలేదు.

"గుర్తుపట్టావు. అందుకే పిలవలా" అంది.

శౌరయ్య చేతిలో బనీను అట్లాగే ఉండిపోయింది. కాదని అనబోయాడు. ఆ మాట అబద్ధమని ఇద్దరికీ తెలుసు. రెండేళ్లుగా తనతో తాను కూడా అనుకోకుండా దాచుకున్న సంగతిని పిల్ల నాలుగు మాటల్లో చేతిలో పెట్టింది. ఆ పిల్ల ఆయన్ని తండ్రిగా నమ్మి పేరు పెట్టుకుంది. ఆ నమ్మకాన్నే పట్టుకుని ఆయన తప్పించాడు. సిగ్గుతో ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.

"ఇట్లా అయితే నాకొద్దు నాన్నా. నేను బాగా ఆడతానని చెప్పి ఇవ్వు. లేకపోతే సరోజినికివ్వు."

చెప్పకపోయినా జరిగిపోయేది. బనీను సరోజిని చేతిలో పెడితే కూతుర్ని సైతం కాదన్నాడని పేరు ఇంకా పెరిగేది. చెబితే పదేళ్లుగా పెంచుకున్నదంతా ఆ గ్రౌండు మీదే పోతుంది. శౌరయ్య కూతురి వంక చూశాడు. ఆ పిల్ల బతిమాలడం లేదు, ఏడవడం లేదు. ఊరికే నిలబడి ఉంది, ఇంకో అర నిమిషంలో వెనక్కి తిరిగి వెళ్లిపోయేలాగా.

విజిలు ఊదాడు. గోల ఆగింది.

"ఈ ఉద్దీ చెల్లదు" అన్నాడు. అందరికీ వినిపించేలా గొంతు పెంచి ఇంకోసారి మొదలుపెట్టాడు. "ఉద్దీ సరిసమానమైనవాళ్లకి పెట్టాలి. వీళ్లిద్దరూ సమానం కాదు. ప్రేమావతి మెరుగు. ఈ పన్నెండుమందిలోనూ మెరుగే. మొదట పిలవాల్సిన పిల్ల. నేను పిలవలేదు. ఇప్పుడు పిలుస్తున్నా."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పంతుళ్ల వరసలోంచి తెలుగు పండితుడు హనుమయ్యగారు చిన్నగా దగ్గి, "ఎంతైనా సొంతబిడ్డ గదా" అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. ఈ మాట వినాల్సి వస్తుందనే శౌరయ్య ఇన్నేళ్లూ నిద్ర చెడగొట్టుకున్నాడు. వినడం అయిపోయింది. చెంపలు మండుతున్నాయి గాని ఆయన తల దించలేదు.

వీరరాఘవయ్యగారు కుర్చీలోంచి లేచి, కండువా సర్దుకుని దగ్గరికొచ్చారు. శౌరయ్య దేనికైనా సిద్ధపడి నిలబడ్డాడు.

"ఈ మాట పోయినేడే అనాల్సింది మాస్టారూ" అన్నారాయన, ఈసారి పెద్ద గొంతుతో కాదు. "నూజివీడు నుంచి వచ్చిన రోజున మా అమ్మాయి అన్నం తినలా. ప్రేమ చోట్లో ఆడొచ్చాను నాన్నా అని ఒకటే ఏడుపు. మీ ఉద్దీ మీద నేనేదన్నా అంటే, అంత పేరున్న మనిషిని తప్పుపట్టినట్టుంటదని నోరుమూసుకున్నా."

అని, కూతుర్ని మోటారు సైకిలు ఎక్కించుకుని వెళ్లిపోయారు.

శౌరయ్య అక్కడే నిలబడ్డాడు. రెండేళ్లు. అడిగితే ఇచ్చేసేవాళ్లే అందరూ. సరోజిని గుమ్మం దాకా వచ్చి చెప్పినా వినలేదు తను. ఎవరికి భయపడి కూతుర్ని దాచాడో, ఆ మనిషి తన పేరుకు భయపడి ఊరుకున్నాడు.

ప్రేమ ఆయన చేతిలోంచి బనీను తీసుకుంది. మడత విప్పి, జాకెట్టు మీద వేసుకుంది. ఓణీ నడుముకు బిగించింది. మిగతా పిల్లలు వరసల్లో కూచుని ఎదురుచూస్తున్నారు.

"మాస్టారూ, ఆట మొదలుపెట్టమంటారా?" అంది.

ఆ పిలుపులో నాన్నా అన్నది ఎక్కడైనా మిగిలి ఉందేమోనని శౌరయ్య వెతుక్కున్నాడు. దొరకలేదు. విజిలు నోట్లో పెట్టుకుని ఊదాడు.